మంత్రాల బడికి పిలిచిందెవరు?

పదకొండేళ్ల పిల్లవాడికి మంత్రాల బడి నుంచి ఉత్తరం వస్తుంది. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చినప్పటి నుంచి ఈ ఒక్క సంఘటన మీద ఎన్ని కథలు నడిచాయో లెక్క తేలదు. చదివినవాళ్లు మంత్రదండం గురించి, ఎగిరే చీపురు గురించి మాట్లాడుకుంటారు. నా మటుకు నాకు ఆ కథల అసలు గుట్టు పిలుపులోనే కనిపిస్తుంది. ఎవరు పిలిచారు, ఏం ఆశించి పిలిచారు, రానంటే ఏమవుతుంది? మంత్రాల బడి ఉన్న ప్రతి కథా ఈ మూడింటికీ ఎక్కడో ఒకచోట జవాబు చెప్పుకోవాలి. మన కథలు చెప్పిన జవాబు పడమటి కథల దానికి దాదాపు ఎదురుగా ఉంటుంది. తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్లు దాన్ని వదిలేసి అరువు ఉత్తరాల వెంట పడుతున్నారని నా ఫిర్యాదు.

ఆ ఉత్తరం నెల్లూరు జిల్లా చేజర్లకు వచ్చిందనుకుందాం. మొదటి చిక్కు చిరునామా దగ్గరే వస్తుంది. పెన్నకు ఇవతల, ఆత్మకూరుకు దగ్గర్లో ఉన్న ఈ చేజర్ల వేరు, కపోతేశ్వరాలయం ఉన్న పల్నాడు చేజర్ల వేరు. ఉత్తరం మోసుకొచ్చే, పిన్ కోడ్ చదవడం రాని పక్షి ఏ చేజర్లలో వాలుతుందో చెప్పలేం. రెండో చిక్కు ఆ పక్షితోనే. గుడ్లగూబ ఇంటి మీద వాలితే మనవాళ్లు శాంతి చేయిస్తారు గానీ, దాని కాలికి కట్టిన కాగితం విప్పి చదవరు. ఇంటి ముందు కాకి అరిస్తే చుట్టాలొస్తారన్న నమ్మకం ఉంది కాబట్టి, టపా పనికి కాకిని పెట్టుకుని ఉంటే ఆ బడికి మన వైపు కాస్త పరపతి ఉండేది.

సరే, ఎలాగో చేరిందనుకుందాం. పిల్లవాడు గుమ్మంలో నిలబడి చదువుతాడు. చెరుగుతున్న చేట పక్కన పెట్టి అవ్వ అడుగుతుంది: "ఎవురు పంపించార్రా అబ్బయ్యా? ఆ బడి యాడుంది? అన్నం వాళ్లే పెడతారంటనా? పండక్కి ఇంటికి పంపిస్తారంటనా?" ఈ ప్రశ్నలు విని నవ్వుకోవచ్చు. కానీ మాయల కథలను తూచడానికి ఇంతకన్నా మంచి తూనికరాళ్లు నాకు దొరకలేదు.

హ్యారీని పిలిచిన హాగ్వర్ట్స్ బడి ఉత్తరానికి ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. బడిలో ఒక ఈకకలం, ఒక పుస్తకం ఉంటాయని రచయిత్రి రౌలింగ్ తర్వాతి రోజుల్లో రాసింది. ఎక్కడైనా ఒక పసిబిడ్డలో మాయాశక్తి మొదటిసారి పొడసూపగానే ఈక తనంతట తానే పేరు రాయబోతుంది, పుస్తకం ఒప్పుకుంటేనే ఆ పేరు అందులోకి ఎక్కుతుంది. పరీక్ష లేదు, సిఫారసు లేదు, మళ్లీ అడిగి చూసే వీలూ లేదు. పదకొండేళ్లు నిండే వేళకు ఉత్తరం బయల్దేరుతుంది. తల్లిదండ్రులకు మాయలోకం తెలియకపోతే బడి తరఫున ఒక మనిషి వచ్చి నచ్చజెబుతాడు. అనాథాశ్రమంలో పెరుగుతున్న టామ్ రిడిల్ దగ్గరికి ఆ బడి గురువు డంబుల్‌డోర్ స్వయంగా వెళ్తాడు. ఆ పిల్లవాడు ఎంత ప్రమాదకరమైనవాడో ఆ కాసేపట్లోనే కొంత బయటపడుతుంది. అయినా సీటు రద్దు కాదు. పేరు పుస్తకంలో ఉంది, అంతే.

ఇక హ్యారీకి వచ్చిన ఉత్తరం. దాని మీద ఇంటి నంబరుతో పాటు మెట్ల కింది అర అని కూడా రాసి ఉంటుంది. ఆ పిల్లవాడు పడుకునే చోటది. పెద్దమ్మా పెదనాన్నా ఊరికి తెలియకుండా దాచిపెట్టిన సంగతి పంపినవాళ్లకు ముందే తెలుసు. ఆ ఒక్క చిరునామా చాలు, ఈ లోకంలో తనను చూసినవాళ్లు ఎవరో ఉన్నారని పిల్లవాడికి అర్థం కావడానికి. పెదనాన్న ఉత్తరాలు చించేకొద్దీ అవి పెరుగుతాయి. ఒక రోజు పాలవాడు తెచ్చిన రెండు డజన్ల కోడిగుడ్లలో ఇరవై నాలుగు ఉత్తరాలు చుట్టి ఉంటాయి. ఇంత హాస్యం, ఇంత ఊరట ఒక్కచోట కుదరడం రౌలింగ్ గొప్పతనమే. అయితే ఈ పిలుపులో ఇంకో మాట కూడా దాగి ఉంది: నువ్వు పుట్టుకతోనే ఎంపికైపోయావు. పక్కింటి పిల్లవాడు ఎంత చదివినా, ఎంత ఏడ్చినా ఆ ఈక అతని పేరు రాయదు. హ్యారీ పెద్దమ్మ పెట్యూనియా చిన్నప్పుడు చెల్లెలితో పాటు తననూ చేర్చుకోమని డంబుల్‌డోర్‌కు ఉత్తరం రాసి, కాదనిపించుకుంది. ఆ కథల్లో నన్ను ఎక్కువగా కలచేది ఆమే.

ఆ ఒక్క బడిని చూసి పడమటి కథలన్నీ ఇంతేననుకుంటే పొరపాటు. అర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ కథలో ఒక మాంత్రికుడు కొండదారిన నడిచొచ్చి కుర్రవాడికి పేరు పెట్టి శిష్యుడిగా తీసుకుంటాడు. నా దగ్గరే ఉంటావా, రోక్ దీవిలోని బడికి వెళ్తావా అని తర్వాత అతన్నే అడుగుతాడు. వెళ్తానన్నది కుర్రవాడు, దాని ఫలితం అనుభవించేదీ అతనే. నైజీరియా మూలాలున్న నెడి ఒకోరఫోర్ 2011 నాటి నవలలో పిలుపు తోటిపిల్లల నోటి నుంచి వస్తుంది. రౌలింగే తర్వాత ఊహించిన ఆఫ్రికా బడి ఉగాడూ నుంచి కలలో దూత వస్తాడు, తెల్లారి లేచేసరికి పిల్లవాడి గుప్పిట్లో చెక్కిన రాయి ఉంటుంది. జపాన్ బడికి ఏడేళ్లప్పటి నుంచే పిల్లలు పక్షుల వీపు మీద రోజూ వెళ్లొస్తారు. అవ్వకు ఈ ఏర్పాటు నచ్చుతుంది, రాత్రికి ఇల్లు చేరతారు కదా.

వీటన్నింటికీ పక్కగా, చీకట్లో నిలబడ్డ పుస్తకం ఒకటుంది. జర్మన్ రచయిత ఓట్‌ఫ్రీడ్ ప్రాయిస్లర్ 1971లో రాసిన 'క్రబాట్'. అడుక్కుతినే పద్నాలుగేళ్ల కుర్రవాడికి కలలో కాకోలాలు కనిపిస్తాయి, ఒక గొంతు ఫలానా మిల్లుకు రమ్మంటుంది. వరసగా అదే కల. వెళ్తే వేడి అన్నం, పడక, పని, దాంతో పాటు మంత్రవిద్య. బదులుగా ఏడాదికొకసారి పనివాళ్లలో ఒకడు చచ్చిపోతాడు, అది యజమాని చేసుకున్న ఒప్పందం. ఆ కథ సోర్బులనే చిన్న జాతి జానపదం లోంచి వచ్చింది. మన ఊళ్లలో కథలు విని పెరిగినవాళ్లకు అది పరాయిదిగా అనిపించకపోవడానికి కారణం ఉంది.

మన కథల్లో ఉత్తరం రాదు, మనిషి వస్తాడు. బైరాగి, ఫకీరు, జంగమదేవర, భిక్షువు ఎవరైతేనేం, వేషం నమ్మదగిందిగానే ఉంటుంది. విక్రమార్కుడి కొలువుకు ఒక భిక్షువు రోజూ వచ్చి ఒక పండు చేతిలో పెట్టి వెళ్తుంటాడు. ఏళ్ల తరబడి రాజు దాన్ని చూడనైనా చూడక భాండాగారానికి పంపేస్తుంటాడు. ఒకనాడు కోతి ఆ పండు లాక్కుని కొరికితే లోపలి నుంచి రత్నం రాలిపడుతుంది. పాత పళ్లన్నీ వెతికిస్తే గుజ్జు కుళ్లిపోయి రత్నాలు మాత్రం మిగిలి ఉంటాయి. అప్పుడు భిక్షువు తన కోరిక బయటపెడతాడు: బహుళ చతుర్దశి రాత్రి శ్మశానానికి రావాలి, చెట్టుకు వేలాడుతున్న శవాన్ని మోసుకురావాలి. పిలుపు ఎంత తీరిగ్గా పన్నిందో చూడండి. హాగ్వర్ట్స్ వాళ్లు వారంలో వందల ఉత్తరాలు కుమ్మరిస్తే, ఈయన ఏళ్ల తరబడి రోజుకో రత్నం ఇచ్చుకుంటూ పోయాడు. అంత పెట్టుబడి పెట్టినవాడు ఊరికే పెట్టడు. చివరికి బలి తనేనని రాజుకు ఆ శవంలోని బేతాళుడు చెప్తాడు. సాష్టాంగం ఎలా చెయ్యాలో నువ్వే చేసి చూపించు అని అడగమంటాడు. అడిగిన రాజు బతికాడు.

ఇదే ఎత్తు సినిమాకెక్కి తెలుగు దేశమంతా ఊగిపోయింది 'పాతాళభైరవి'తో. కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమా 1951లో వచ్చింది. నేపాళ మాంత్రికుడికి కావలసింది శిష్యుడు కాదు, బలికి తగిన సాహసవంతుడు. తోటమాలి కొడుకు రాముడికి కావలసింది రాజకుమార్తె, ఆమెను పెళ్లాడాలంటే సిరిసంపదలు. ఒకడి అవసరం ఇంకొకడికి ఎర. మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు ఆ పిలుపును పలికిన తీరు వల్ల అది ఇప్పటికీ తాజాగా ఉంది. ఆ గొంతులో బెదిరింపు తక్కువ, లాలన ఎక్కువ. మొసలి రూపం నుంచి విముక్తి పొందిన అప్సరస చెవిలో వేస్తే గానీ రాముడికి సంగతి తెలియదు. అల్లావుద్దీన్ కథలోని మాంత్రికుడు కూడా తప్పిపోయిన పినతండ్రినంటూ ఇంట్లో జొరబడ్డవాడే. వీళ్లందరి ఎంపికలోనూ ప్రతిభకు పాత్ర ఉంది, అదే భయపెట్టే విషయం. పిల్లవాడు మెరికలాంటివాడు కాబట్టే మాంత్రికుడి కన్ను పడింది.

జానపద కథల సూచిలో 325వ రకంగా లెక్కవేసే కథ దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. దక్షిణాదిలో మదనకామరాజు కథల్లో కనిపిస్తుంది, నోటి మాటగా ఎన్నో మార్పులతో తిరుగుతుంది. బీద తండ్రికి ఇద్దరు కొడుకులు. ఒక గురువు వచ్చి, ఇద్దరినీ నా దగ్గర వదులు, చదువు చెప్పి ఒకణ్ని నీకిస్తాను, ఒకణ్ని నేనుంచుకుంటాను అంటాడు. తిండికే గతిలేని తండ్రి సరేనంటాడు. గురువు చురుకైనవాడికి సకల విద్యలూ నేర్పి, రెండోవాడితో పశువులు కాయిస్తాడు. తండ్రి వచ్చే రోజు దగ్గరపడేసరికి ఎత్తు తిప్పి, మందబుద్ధిని ముస్తాబు చేసి, తెలివైనవాడికి బూడిద పూసి మూల కూర్చోబెడతాడు. ఈ పన్నాగం పసిగట్టిన పిల్లవాడు రాత్రికి రాత్రి పక్షి రూపంలో ఇంటికి ఎగిరొచ్చి, రేపు నువ్వు మాసిన బట్టలవాణ్నే కోరుకో నాన్నా అని చెప్పి వెళ్తాడు.

పక్షి ఇక్కడ కూడా ఉంది. అది బడి నుంచి ఇంటికి కబురు మోసుకొచ్చింది. క్రబాట్ మిల్లులోనూ చిక్కు ఇలాంటిదే: ఒకే తీరుగా ఉన్న కుర్రాళ్లలో తన మనిషిని ప్రేమించిన అమ్మాయి గుర్తుపడితేనే విడుదల. బడిలో చేరడం ఎవరి వల్లయినా అవుతుంది, బయటికి రావడానికి మాత్రం ఇంటివాళ్లు గుర్తుపట్టాలి. మన కథ అంతటితో ఆగదు. ఇంటికొచ్చిన కొడుకు గుర్రమై సంతలో అమ్ముడుపోతాడు, గురువు కొంటాడు, అక్కణ్నుంచి చేపలు, పక్షులు, ముత్యాల హారం, చివరికి రాజకుమార్తె చేతిలో తేలడం. ఆ పరుగంతా శిష్యుడు గురువును మించిపోయిన ఆనందంతో సాగుతుంది.

పిలుపు లేకుండా వెళ్లినవాళ్ల వరస వేరే ఉంది, అది భారతంలో దొరుకుతుంది. మృతసంజీవని నేర్చుకోవడానికి కచుడు శత్రువుల గురువు శుక్రుడి ఇంటికే వెళ్లాడు. తానెవరి కొడుకో దాచలేదు. తెలిసే చేర్చుకున్నాడు శుక్రుడు. రాక్షసులు చంపితే బతికించాడు, చివరికి కడుపులో ఉన్న శిష్యుడికే విద్య చెప్పవలసి వచ్చింది. కర్ణుడు అందుకు విరుద్ధం. బ్రాహ్మణుణ్నని చెప్పి పరశురాముడి దగ్గర అస్త్రాలు నేర్చాడు, బయటపడి శాపం తిన్నాడు. ఆ సంగతిని శాంతిపర్వంలో నారదుడు ధర్మరాజుకు చెప్తాడు, తెలుగులో చెప్పింది మన నెల్లూరి తిక్కన. దొంగ సర్టిఫికెట్టుతో చేరిన విద్యార్థి అని ఇప్పటి కాలంలో తేలిగ్గా అనేయొచ్చు. అసలు తప్పు అర్జీలో కులం అడిగిన బడిదా, అబద్ధం రాసిన కుర్రవాడిదా అన్నది ఈనాటికీ తేలని తగవే. ఏకలవ్యుడి సంగతి చెప్పక్కర్లేదు. చేర్చుకోని బడి కూడా అతని దగ్గర ఫీజు వసూలు చేసింది.

చేజర్ల నుంచి పడమటికి చూస్తే వెలిగొండలు. అవి దాటి బద్వేలు మీదుగా వెళ్తే బ్రహ్మంగారి మఠం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ఊళ్లకు వీరబ్రహ్మం కథ పుస్తకం కన్నా ముందు నాటకంగా తెలుసు. ఆ కథలో సిద్ధయ్య ముడుమాల దూదేకుల కుర్రవాడు. ఎవరూ పిలవలేదు, విని వెతుక్కుంటూ వచ్చాడు. ఇంట్లోవాళ్లు గొడవచేశారు, నవాబు దాకా ఫిర్యాదు వెళ్లింది. నవాబు పరీక్ష పెడితే సిద్ధయ్య మహిమకు బండరాయి పగిలిందని కథ. కుళ్లిన కుక్క కళేబరాన్ని తినమని గురువు శిష్యులందరికీ చెబితే సిద్ధయ్య ఒక్కడే తిన్నాడన్న ఘట్టం ఇంకా కఠినమైనది. ఈ కథంటే నాకు గౌరవం ఉంది, ఆ ఘట్టం దగ్గర మాత్రం ఇబ్బందీ ఉంది. బేతాళుడు నేర్పిన ప్రశ్న ఇక్కడ పనికిరాదు, గురువు మీద అనుమానం వచ్చినవాడు ఓడిపోతాడు. నమ్మితే గెలిచే కథలూ, అడిగితే బతికే కథలూ ఒకే నేల మీద పక్కపక్కన పెరిగాయి. పిల్లలకు రెండూ చెప్పాలి. అయితే రెండోవి కాస్త ఎక్కువసార్లు చెప్పాలని నా అభిప్రాయం.

నవ్వుకునే మాయల బడి కూడా మనకొకటుంది. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడి ఆశ్రమం. చిన్నమయ గురువు, లంబు, జంబు శిష్యులు. వాళ్లు అక్కడికి ఎలా చేరారో సినిమా చెప్పదు, చెప్పాలని ఎవరికీ అనిపించలేదు కూడా. చిన్నమయ వేసిన రమణారెడ్డి మన జిల్లావాడే. జగదేవిపేటలో 1921లో పుట్టారు, సినిమాల్లోకి రాకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆయనకు మ్యాజిక్ నిజంగానే వచ్చు, ప్రదర్శనలు కూడా ఇచ్చేవారు. 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం తర్వాతి కాలంలో ఇంద్రజాలాన్ని ఒక కోర్సుగా చెప్పింది. నిజంగా ఉన్న మ్యాజిక్ బడిలో చేరాలంటే అక్కడ గుడ్లగూబ అక్కర్లేదు, దరఖాస్తు, మార్కుల లిస్టు, ఫీజు చాలు.

ఉత్తరం రాగానే పిల్లవాడి బతుకు మారిపోవడం మా వైపు కల్పన కాదు. నెల్లూరు జిల్లా నవోదయ విద్యాలయం మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పల్లెలకు దగ్గర. చేరేది ఆరో తరగతిలో, అంటే హ్యారీ వయసులోనే. ఐదో తరగతి పిల్లలు రెండు గంటల్లో 80 ప్రశ్నలు రాయాలి. అందులో సగం బొమ్మలు: నాలుగింటిలో తేడాగా ఉన్నదేది, అద్దంలో ఇది ఎలా కనిపిస్తుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే ఏమవుతుంది. భాష, కులం, ఇంట్లో పుస్తకాలు ఇవేవీ అడ్డురాకుండా పిల్లవాడి చురుకును పట్టాలని ఆ బొమ్మలు పెట్టారు. ముప్పాతిక వంతు సీట్లు పల్లె పిల్లలకే. ఈ ఆలోచనకు తెలుగు నేల మీద ముందే బీజం పడింది. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది, ఆ వెనకే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. ఎంపికైన పిల్లవాడు పెట్టె, బకెట్టు, దుప్పటి సర్దుకుని బయల్దేరతాడు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాది పాటు ఉత్తరాది నవోదయకు పంపిస్తారు. ఇంతకన్నా మాయ ఏం కావాలి? పైగా ఇక్కడ పుట్టుకతో రాసిపెట్టిన పుస్తకం లేదు, పెన్సిలూ రబ్బరూ ఉన్నాయి.

భిక్షువు పండ్లు కూడా కరువేం కాదు. పదో తరగతి పరీక్షలు అవుతూనే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు మోటారు సైకిళ్ల మీద పల్లెలు తిరుగుతారు. పిల్లవాడి మార్కులు వాళ్లకు ముందే తెలుస్తాయి, మెట్ల కింది అర తెలిసినట్టే. చేతిలో రంగు కాగితం, అందులో ర్యాంకర్ల ఫోటోలు, "మీవాడికైతే సగం కన్సెషన్" అన్న మాట. తండ్రి అరుగు మీద కూర్చుని వింటాడు. ఈ సంభాషణలో మాంత్రికులెవరూ లేరు, ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లే ఎక్కువ. కానీ ఇద్దరు కొడుకుల కథ విని పెరిగినవాడైతే అడగవలసింది ఏమిటో ఆ తండ్రికి తట్టాలి: మిగతా సగం ఎప్పుడు అడుగుతారు, మధ్యలో వదిలేస్తే సర్టిఫికెట్లు ఇస్తారా, ఆదివారం ఫోన్ చేయనిస్తారా.

షరతు పెట్టడంలో మన సాహిత్యంలోకెల్లా గడుసువాడు ఒక పశువుల కాపరి. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' మొదలయ్యేది అతనితోనే. మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడు వెతుక్కుంటాడు. అతని దగ్గర జరిగిన సంగతులన్నీ చూపించే మణి ఉంది. పిలుపు గురువుదే, కాపరి ఎగిరి గంతేయడు. దారిలో ఏ వింత కనిపించినా అడుగుతాను, దాని కథ చెప్పాలి, చెప్పకపోతే వెనక్కి వచ్చేస్తానంటాడు. గురువు ఒప్పుకుని ఆ మాట నిలబెట్టుకుంటాడు. పన్నెండు భాగాల పుస్తకం ఆ ఒప్పందం మీద నడిచింది. ప్రపంచంలోని మంత్రాల బడులన్నింటిలో విద్యార్థి అడిగిన ప్రశ్నలే సిలబస్ అయిన బడి ఇదొక్కటే నాకు తెలుసు.

అందుకే తెలుగులో కొత్తగా మంత్రాల బడి కథ రాయబోయేవాళ్లను ఒక్కటి అడుగుతాను. హ్యారీ ఉత్తరానికి జవాబు హ్యారీ రాయలేదు, అతని తరఫున బడి మనిషి హాగ్రిడ్ రెండు ముక్కలు గీకి పక్షితో పంపించేశాడు. మీ కథలో చేజర్ల పిల్లవాణ్నే కూర్చోబెట్టి జవాబు రాయించండి. అవ్వ చెప్తుంటే తను రాస్తాడు: బడి యాడుంది, అన్నం ఎవరు పెడతారు, ఇంతకుముందు చేరిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, వాళ్లలో ఒకరితో మాట్లాడనిస్తారా, సంక్రాంతికి ఎన్ని రోజులు సెలవు. వాటికి ఆ బడి ఏమని తిరిగి రాస్తుందో అదే రెండో అధ్యాయం.